సాకినోడే తోలాలా?

బ్లాగు దుమ్ము పట్టిపోయింది, తెలుసు. రిలీజు, దాని తర్వాత ఇంకో రిలీజు, మధ్యలో ఇంట్లో పేషెంటు. పేషెంటు అంటే మా మామ (అమ్మకి అన్న). హుజూర్‌నగర్ పక్కన పల్లె. రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి, చిప్పలు మార్చాలన్నారు. ఎల్బీనగర్‌లో మా ఇంట్లో దిగి, దిల్‌సుఖ్‌నగర్‌లో డాక్టరుకి చూపించుకుంటున్నాడు. విజయవాడ రోడ్డు మీద వచ్చే చుట్టాలందరికీ సిటీ అంటే ఎల్బీనగర్ చౌరస్తానే కదా, అక్కడ బస్సు దిగితే మా ఇంటి తలుపే ముందు కనపడుతుంది :)

ఒక ఆదివారం సరదాగా మెట్రో ఎక్కించాను. చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్, మూసారాంబాగ్, న్యూమార్కెట్... అన్నీ దాటి మలక్‌పేట దగ్గరికి వచ్చేసరికి మామ కిటికీకి అతుక్కుపోయాడు. "అదేందిరా అల్లుడూ, ఊరి నడుమ గంత జాగ ఇడిసిపెట్టిన్రు?"

రేస్‌కోర్స్ మామా, గుర్రప్పందేలు అన్నాను.

"గుర్రాన్ని సాకేటాయనే ఎక్కుతడా?"

కాదు మామా, సాకేది ట్రైనరు, ఎక్కేది జాకీ, గుర్రం ఇంకొకాయనది అన్నాను.

మామ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ఒకటే మాట అన్నాడు. "అయితే అదీ మన బండలాగుడు లెక్కనే చెడ్డదన్నమాట."

ఆ మాట వెనక పెద్ద కథ ఉంది, చెప్తాను. ముందు విచిత్రం వినండి. సరిగ్గా ఇదే ప్రశ్న మీద మా క్లయింటు వైపు ఉండే ఒకాయన నాతో పోయిన ఏడాది నుంచీ కొట్లాడుతున్నాడు. ఒహాయో రాష్ట్రం మనిషి. కాల్‌లో మిగతావాళ్ళు జాయిన్ అయ్యేదాకా ఉండే ఆ ఐదు నిమిషాల్లో వాతావరణం గురించి కాకుండా గుర్రాల గురించి మాట్లాడే అరుదైన జీవి. వాళ్ళ నాన్న హార్నెస్ రేసింగ్‌లో ట్రైనరట. అంటే గుర్రం వీపు మీద ఎక్కే రేసు కాదు. గుర్రం వెనక రెండు చక్రాల తేలికపాటి బండి (సల్కీ అంటారు) కట్టి, దాని మీద కూర్చుని పగ్గాలు పట్టుకుని తోలే రేసు. ఆ రేసుల్లో వందేళ్ళుగా ఒకటే గొడవ. గుర్రాన్ని తయారుచేసిన ట్రైనరే రేసులోనూ తోలాలా, లేక తోలడమే వృత్తిగా ఉన్నవాడికి పగ్గాలు ఇచ్చేయాలా?

ఒహాయో పెద్దమనిషీ, హుజూర్‌నగర్ మామా ఒకే ప్రశ్న అడిగేసరికి వారం రోజులు ఇదే చదువుతూ కూర్చున్నాను. టీమ్‌లీడు ఈ బ్లాగు చదవడనే ధైర్యంతో రాస్తున్నా.

ముందు మన పేట సంగతి. హైదరాబాద్‌లో రేసులు మొదట మౌలాలిలో జరిగేవి. 1886లో ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా వాటిని మలక్‌పేటకి, తన మహబూబ్ మాన్షన్ పక్కకి తెచ్చుకున్నాడు. రాజుగారు రేసుకి వెళ్ళడం కాదు, రేసే రాజుగారి ఇంటికొచ్చిందన్నమాట. అప్పటికి ఆయనకి ఇరవై ఏళ్ళు. (నాకు ఇరవై ఏళ్ళప్పుడు నేను మెకానిక్స్ సప్లిమెంటరీ రాస్తున్నాను.) ఇప్పుడున్న హైదరాబాద్ రేస్ క్లబ్ 1961లో ఏర్పడింది. ఇవాళ దిల్‌సుఖ్‌నగర్ నుంచి కోఠీ వైపు పోయేవాళ్ళకి అదొక గోడ, ఆదివారం పూట ఆటోలు ఎక్కువగా ఆగే ఒక గేటు, అంతే.

ఆ గోడ లోపల పనులు ఎలా పంచుకున్నారో చూస్తే మనకి బాగా తెలిసిన ఆర్గ్ చార్టులా ఉంటుంది. డబ్బు పెట్టేది యజమాని. మేత, కసరత్తు, ఏ రేసులో దించాలన్న నిర్ణయం ట్రైనరుది. తోమేదీ, నడిపించేదీ, పక్కనే పడుకునేదీ సైసు. తెల్లారుజామున ట్రాక్ మీద దౌడు తీయించడానికి రైడింగ్ బాయ్‌లు. రేసు రోజు మాత్రం జాకీ వస్తాడు, తూకం వేయించుకుంటాడు, ఎక్కుతాడు, నిమిషమో రెండు నిమిషాలో పరిగెత్తిస్తాడు, దిగి మళ్ళీ తూకం వేయించుకుంటాడు. ట్రైనరు లైసెన్సు వేరు, జాకీ లైసెన్సు వేరు. జాకీ పందెం కాయకూడదు. పెసీ ష్రాఫ్ లాంటి మహా జాకీ కూడా 2004లో జాకీగా దిగిపోయాకే ట్రైనరయ్యాడు. రెండూ ఒకేసారి కుదరవు.

ఎందుకు కుదరవు? నేను మొదట అనుకున్నది బరువు. అది నిజమే, కానీ సగమే. వీపు మీద ఎక్కే రేసులో ప్రతి కిలోకీ లెక్క ఉంటుంది. జాకీ, జీను అన్నీ కలిపి దాదాపు యాభై అరవై కిలోల మధ్య సర్దాలి. నలభై దాటి, పొట్ట వచ్చి, అనుభవం వచ్చిన ట్రైనరు ఆ లెక్కలో పట్టడు. అనుభవమూ బరువూ కలిసే పెరుగుతాయి, ఏం చేస్తాం.

మిగతా సగం కథ ఇంగ్లండులో ఉంది. మొదట్లో అక్కడ ఇంత పట్టింపు లేదు. జాన్ బారమ్ డే అనే ఆయన 1840లో క్రూసిఫిక్స్ అనే ఆడగుర్రాన్ని తనే ట్రైన్ చేసి, తనే ఎక్కి, ఒకే ఏడాదిలో మూడు క్లాసిక్ రేసులు గెలిచాడు. సాకినోడే తోలాడు, ఎవరూ తప్పనలేదు. కానీ అంతకు యాభై ఏళ్ళ ముందే ఒక గొడవ జరిగి, గుర్రం ఎక్కేవాడి చేతిలో ఎంత ఉండాలన్న అనుమానం అందరి మనసులో పడిపోయింది.

అది 1791 అక్టోబరు, న్యూమార్కెట్. (మన మలక్‌పేట న్యూమార్కెట్ కాదండోయ్, అసలుది.) వేల్స్ యువరాజు, తర్వాత నాలుగో జార్జి అయినవాడు, ఆయన గుర్రం పేరు ఎస్కేప్. జాకీ శామ్ చిఫ్నీ, ఆ రోజుల్లో నంబర్ వన్. యువరాజు అతనికి ఏడాదికి 200 గినీల జీతం జీవితాంతం రాసిచ్చాడు. 20వ తేదీన రెండు మైళ్ళ రేసు. అందరూ ఎస్కేప్ గెలుస్తుందనుకున్నారు. నాలుగు గుర్రాల్లో ఆఖరున వచ్చింది. మర్నాడు నాలుగు మైళ్ళ రేసు. నిన్న ఓడిన గుర్రం మీద ఎవడు డబ్బు పెడతాడు? దాంతో పందెం రేటు నాలుగైదు రెట్లకి పెరిగింది. ఎస్కేప్ గెలిచింది.

గోల మొదలైంది. నిన్న కావాలనే ఆపాడు, ఇవాళ వదిలాడు అని. జాకీ క్లబ్ పెద్దలు చిఫ్నీని కూర్చోబెట్టి అడిగారు. అతను ఒప్పుకున్నదల్లా రెండో రోజు ఇరవై గినీలు కాశానన్నదే. మరి మొదటి రోజు ఎందుకు ఓడిందంటే ఏం చెప్పాడో తెలుసా? గుర్రానికి తగినంత పరుగు పెట్టించకుండా రేసుకి తెచ్చారు, మొదటి రోజు రేసే దానికి కసరత్తయింది, రెండో రోజుకి ఊపిరి కుదిరింది అన్నాడు. అంటే తప్పు నాది కాదు, తయారుచేసినవాళ్ళది. మన భాషలో చెప్పాలంటే "కోడ్ బాగానే ఉంది, ఎన్విరాన్‌మెంట్ ఇష్యూ".

జాకీ క్లబ్ తరఫున సర్ చార్లెస్ బన్‌బరీ యువరాజు మొహం మీదే చెప్పాడు, చిఫ్నీ ఎక్కితే మీ గుర్రాలతో పోటీకి ఏ పెద్దమనిషీ రాడని. యువరాజు జాకీని వదులుకోలేదు, న్యూమార్కెట్‌నే వదిలేశాడు. జీతం మాత్రం ఇస్తూ పోయాడు. చిఫ్నీ ఆఖరికి ఆ జీతాన్ని కూడా అమ్ముకుని, అప్పులవాళ్ళని పెట్టే ఫ్లీట్ జైల్లో 1807లో చనిపోయాడు. అతను తయారుచేసిన ఒక రకం కళ్ళెం ఈరోజుకీ అతని పేరుతోనే నడుస్తోంది. దొంగో దొరో ఇప్పటికీ తేలలేదు.

నాకు ఇక్కడ అర్థమైంది ఏంటంటే, ఆ రోజు కోపం వచ్చింది గుర్రం కోసం కాదు. ఎస్కేప్‌ని రెండు రోజుల్లో ఆరు మైళ్ళు పరిగెత్తించారే అని ఎవడూ బాధపడలేదు. కోపమంతా పందెం కాసినవాడి డబ్బు గురించి. తూకాలు, వేరు వేరు లైసెన్సులు, జాకీ పందెం కాయకూడదన్న రూలు, స్టీవర్డులు, వీడియోలు, ఇవన్నీ బయట టికెట్టు కొన్నవాడి కోసం పుట్టినవి. గుర్రం లోపలి సంగతి తెలిసినవాడూ, గుర్రం వేగం చేతిలో ఉన్నవాడూ ఒక్కడే అయితే టికెట్టు కొన్నవాడి గతి ఏంటి? అందుకే ఇద్దరుండాలి. ఒకడి మీద ఇంకొకడు కన్నేసి ఉంచుతాడు.

మన సుప్రీంకోర్టు 1996లో కె.ఆర్. లక్ష్మణన్ కేసులో (మద్రాస్ రేస్ క్లబ్ గొడవ) గుర్రప్పందెం అదృష్టం ఆట కాదు, నైపుణ్యం ఆట అని తేల్చింది. గుర్రం తర్ఫీదు, జాకీ నేర్పు, వీటిని అంచనా వేసే పందెగాడి తెలివి, ఇవన్నీ లెక్కలోకి వస్తాయని. తెలివి అనండి, ఏమన్నా అనండి, ఆ గేటు ముందు ఆదివారం సాయంత్రం నిలబడి బయటకొచ్చే మొహాలు చూస్తే నాకు మాత్రం నైపుణ్యం పెద్దగా కనపడలేదు. అది వేరే టపా.

ఇప్పుడు ఒహాయో. హార్నెస్ రేసుల్లో బరువు గొడవ లేదు, ఎందుకంటే మనిషి చక్రాల మీద కూర్చుంటాడు. అందుకే అరవై ఏళ్ళ ట్రైనరు కూడా తోలగలడు. ఇంకోటి, ఆ గుర్రాలు దౌడు తీయకూడదు. ట్రాటింగ్‌లో ఎదురెదురు మూలల కాళ్ళు కలిసి పడాలి, పేసింగ్‌లో ఒకే పక్క కాళ్ళు కలిసి పడాలి. నడక తప్పి దౌడులోకి పోయిందంటే లాగి మళ్ళీ నడకలో పెట్టాలి, ఈలోపు మిగతావి దాటిపోతాయి. ఏ గుర్రం ఏ మలుపులో నడక తప్పుతుందో, ఏ లాడం బరువుకి ఎలా అడుగేస్తుందో రోజూ తోలేవాడికి తెలిసినట్టు ఇంకెవడికి తెలుస్తుంది? కాబట్టి పాతకాలంలో ట్రైనరే డ్రైవరు. అది రూలు కాదు, అలవాటు.

ఆ అలవాటుకి ఆఖరి మహారాజు స్టాన్లీ డాన్సర్. నెవెలీ ప్రైడ్ (1968), మోస్ట్ హ్యాపీ ఫెల్లా (1970), సూపర్ బౌల్ (1972), మూడింటినీ తనే ట్రైన్ చేసి, తనే తోలి ట్రిపుల్ క్రౌన్ గెలిపించాడు. అందులో నెవెలీ ప్రైడ్ ఒట్టి కోపిష్టిది, దగ్గరికొచ్చినవాణ్ణి కరిచేది. అలాంటిదాన్ని రేసు రోజు వచ్చిన కొత్తవాడి చేతిలో పెడితే ఏమయ్యేదో. మా ఒహాయో ఆయన వాళ్ళింట్లో డాన్సర్ ఫొటో ఉండేదట, మన ఇళ్ళల్లో ఎన్టీఆర్ కృష్ణుడి క్యాలెండర్ ఉన్నట్టు.

మరి ఎక్కడ మారింది? 1940లో న్యూయార్క్ పక్కన రూజ్‌వెల్ట్ రేస్‌వేలో రాత్రి లైట్ల కింద పందేలతో రేసులు మొదలయ్యాయి. 1946లో కారుకి రెక్కల్లా కట్టిన గేటు వచ్చింది. గుర్రాలన్నీ దాని వెనక వరసగా వచ్చి ఒకేసారి బయల్దేరడంతో, స్టార్టు కుదరక మళ్ళీ మళ్ళీ వెనక్కి తిప్పడం తగ్గిపోయింది. ఊరి సంతలో ఆటగా ఉన్నది రోజూ రాత్రి నడిచే ఫ్యాక్టరీ అయింది. పది రేసులు, పది గుర్రాలు. ఒక ట్రైనరు దగ్గర ముప్పై గుర్రాలుంటే మూడు ట్రాకుల్లో ఒకే రాత్రి ఎలా తోలతాడు? అక్కడ పుట్టాడు కాచ్ డ్రైవరు. వాడికి సొంత గుర్రం ఉండదు, రాత్రికి ఎనిమిది మంది ట్రైనర్ల గుర్రాలు తోలతాడు. అర్వే ఫిలియోన్ 1989 ఒక్క ఏడాదిలో 814 రేసులు గెలిచాడు. రోజుకి రెండు కన్నా ఎక్కువ, సెలవు లేకుండా! జాన్ కాంప్‌బెల్ హాంబుల్టోనియన్ (మూడేళ్ళ ట్రాటర్లకి అన్నిటికన్నా పెద్ద రేసు, 1926 నుంచి ఉంది) ఆరుసార్లు గెలిచాడు. 1987లో మాక్ లోబెల్‌ని సాకింది చక్ సిల్వెస్టర్, గెలుపు గీత దాటించింది కాంప్‌బెల్.

ఇక్కడ కూడా పందెంవాడి కోసం రూళ్ళు పుట్టాయి. ఒకే యజమానివో, ఒకే ట్రైనరువో రెండు గుర్రాలు ఒక రేసులో ఉంటే పందేనికి వాటిని ఒకే నంబరు కింద కలిపేసేవాళ్ళు. ఒకదాన్ని ఆపి ఇంకోదాన్ని వదిలాడన్న అనుమానం రాకుండా. కానీ ట్రైనరు తోలకూడదని మాత్రం ఎక్కడా నిషేధించలేదు. చేతకాదులే అని ట్రైనర్లే దిగిపోయారు. మా ఒహాయో ఆయన నాన్న కూడా. 'కాచ్ డ్రైవరు తోలితే ఎక్కువ గెలుస్తాయి' అన్నది లెక్క. 'మా నాన్న తోలితే గుర్రాలు ఎక్కువ ఏళ్ళు పరిగెత్తేవి' అన్నది ఆయన వాదన. లెక్కలు నా దగ్గర లేవు, కొడుకు ప్రేమ మాత్రం వినపడుతోంది.

మనవాళ్ళకి ఇదంతా ఎక్కడో విన్నట్టు లేదూ? ఎన్రాన్ కుప్పకూలాక 2002లో సార్బేన్స్-ఆక్స్‌లీ చట్టం వచ్చింది. ఆ ఆడిట్ల దెబ్బకి కోడ్ రాసినవాడు ప్రొడక్షన్‌లో చెయ్యి పెట్టకూడదని గోడ కట్టారు. నేను జాబ్‌లో చేరిన కొత్తలో ఒక లైను మార్పుకి మూడు అప్రూవల్స్, అర్ధరాత్రి ఎవరో మొహం తెలియని మనిషి డిప్లాయ్ చేయడం, తెల్లారి "కోడ్ తప్పు", "కాదు, డిప్లాయ్‌మెంట్ తప్పు" అని చిఫ్నీ సంవాదం. ఆ గోడ ఎవరి కోసం? షేర్లు కొన్న బయటివాడి కోసం. మళ్ళీ టికెట్టు కొన్నవాడే! అమెజాన్ సీటీవో వెర్నర్ వోగెల్స్ 2006లోనే, కట్టినవాడే నడపాలి, అర్ధరాత్రి ఫోన్ వాడికే రావాలి అన్నాడు. అప్పటినుంచి డెవాప్స్ అంటూ లోలకం మళ్ళీ డాన్సర్ వైపు ఊగింది.

మన భారతంలో అయితే ఈ ప్రశ్నకి మూడు జవాబులూ ఉన్నాయి. ఒకటి కృష్ణుడు. సైంధవుణ్ణి చంపే రోజు యుద్ధం మధ్యలో గుర్రాలు దాహంతో, బాణాలతో నీరసపడితే రథం విప్పాడు, బాణాలు పీకాడు, ఒళ్ళు తుడిచాడు, నీళ్ళు పట్టాడు. తోలేవాడే సైసు కూడా. రెండోది శల్యుడు, ప్రపంచంలో మొదటి కాచ్ డ్రైవరు :) తోలడంలో కృష్ణుడంతటివాడనే కర్ణుడి రథానికి తెచ్చారు. కానీ ఆయన కర్ణుణ్ణి నీరసపరుస్తానని ముందే ధర్మరాజుకి మాటిచ్చి ఉన్నాడు. పగ్గాలు పట్టుకుని ఆపకుండా తిడుతూనే ఉన్నాడు. నేర్పు ఉంది, కానీ మనసు అవతలివాళ్ళ దగ్గర ఉంది. చిఫ్నీ మీద వేసిన నింద కూడా ఇదేగా?

మూడోది నలుడు, నాకు అన్నిటికన్నా ఇష్టం. బాహుకుడు పేరుతో ఋతుపర్ణుడి గుర్రపుశాలలో ఉద్యోగం. ఒక్క రోజులో విదర్భకి పోవాలి. బాహుకుడు బక్క గుర్రాల్ని ఎంచాడు. రాజు ఇవేం గుర్రాలయ్యా అని గొణిగాడు. సాకినోడే ఎంచాడు, సాకినోడే తోలాడు, చేరారు. నలుడు అశ్వహృదయం ఇచ్చాడు, ఋతుపర్ణుడు అక్షహృదయం ఇచ్చాడు. ఒకటి గుర్రాల విద్య, ఇంకోటి జూదం విద్య. పందెం తెలిసినవాడు వెనక సీట్లో, గుర్రం తెలిసినవాడు ముందు సీట్లో. నన్నయ కాలానికే మన తెలుగులో ఉన్న కథ ఇది, మలక్‌పేట గోడ మీద బొమ్మగా వేయించొచ్చు.

సరే, మామ కథ. గుర్రాలు ఆ పల్లెకి ఎప్పుడూ రాలేదు. వచ్చింది ఒంగోలు గిత్తలు. (బ్రెజిల్ వాళ్ళు తీసుకెళ్ళి నెలోర్ అని పేరు పెట్టుకున్నది మన నెల్లూరు పేరునే.) బండలాగుడు చూడనివాళ్ళ కోసం చెప్తాను. జత ఎడ్లకి కాడి కట్టి, గొలుసుతో పెద్ద రాతిబండ తగిలిస్తారు. ఇన్ని నిమిషాలని టైం ఉంటుంది, ఆ టైంలో ఎన్ని అడుగులు లాగితే అంత. పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, సీనియర్లు, ఇలా పళ్ళని బట్టి విభాగాలు. తోలేవాళ్ళు పక్కనా వెనకా పరిగెత్తాలి, చివరకొచ్చాక బండతో సహా తిప్పాలి, ఆ తిప్పడంలోనే పోటీ అంతా ఉంటుంది. సంక్రాంతికి అటు గుడివాడ వైపు, శివరాత్రికి మా వైపు మేళ్ళచెరువు జాతరలో. మైకులో చదివేది మాత్రం యజమాని పేరు, ఊరు. తోలినవాడి పేరు మా వైపు చాలాసార్లు చదవనే చదవరు.

మామ ఆ జతని నాలుగేళ్ళు సాకాడు. ఉలవలు నానబెట్టి, ఉడకబెట్టి, తను తినకముందు వాటికి పెట్టి. అత్తయ్య ఇప్పటికీ అంటుంది, పిల్లల పుట్టినరోజులు గుర్తులేవు గానీ ఎడ్లకి ఎప్పుడు పళ్ళు కదిలాయో గుర్తున్నాయి ఆయనకి అని. చిన్న పోటీల్లో తనే తోలాడు. రెండో బహుమతి, మూడో బహుమతి. ఆ ఏడాది మోకాళ్ళు మొండికేశాయి. అన్ని నిమిషాలు పరిగెత్తలేడు. ఎవరో చెప్తే డబ్బులిచ్చి పేరున్న తోలేవాణ్ణి పిలిపించాడు. అతను ఆ ఒక్క సీజన్‌లోనే ఎన్నో జతలు తోలినవాడు, ఒక రకం ఫిలియోన్.

గెలిచాయి. మొదటి బహుమతి. ఇంటికొచ్చాక చూస్తే ఎడమ గిత్త తోక మెలిపెట్టి కొరికినట్టుంది, తొడ మీద ముల్లుకర్ర గుచ్చిన పోట్లు. వెనక కాలు కింద పెట్టలేదు. ఇంక అది కాడికి రాలేదు. మామ ఫోన్ చేస్తే అతను చెప్పింది ఒకటే: "మీ ఎడ్లకి తిప్పడం సరిగ్గా నేర్పలేదండీ, అందుకే కొట్టాల్సొచ్చింది." చిఫ్నీ మాట! 1791లో ఇంగ్లీషులో అన్నది ఇప్పుడు తెలుగులో.

అతన్ని పూర్తిగా తప్పుపట్టలేను కూడా. అతనికి మామ ఇచ్చిన డబ్బు గెలిస్తేనే రెట్టింపు. ఆ జత మళ్ళీ తన చేతికి వస్తుందో రాదో తెలీదు. రేపు పొద్దున దాని కాలు చూసేది తను కాదు. బేరం పెట్టింది మామే.

అందుకే మామ ఆ రోజు మెట్రోలో "చెడ్డదన్నమాట" అన్నాడు. నేనూ వారం పాటు అదే అనుకున్నాను, సాకినోడే తోలాలి, మిగతాదంతా దొంగ లెక్క అని. అప్పుడు ఒహాయో ఆయనే నా ఉత్సాహం మీద నీళ్ళు చల్లాడు. స్టీవ్ లోబెల్ గురించి చదువు అన్నాడు.

1976 హాంబుల్టోనియన్. అప్పట్లో ఆ రేసు ఒకే రోజు హీట్లు హీట్లుగా నడిచేది, ఎవరైనా రెండు హీట్లు గెలిచేదాకా. ఆ రోజు తేలక నాలుగో హీటు దాకా పోయింది. స్టీవ్ లోబెల్ గెలిచింది. తర్వాత కుప్పకూలింది. చచ్చిపోతుందనుకున్నారు, డాక్టర్లు ఎలాగో బతికించారు. తోలింది ఎవరు? బిల్లీ హాటన్. ట్రైన్ చేసిందెవరు? బిల్లీ హాటనే. గుర్రాలంటే ప్రాణంగా బతికిన మనిషి. చివరికి 1986లో యాంకర్స్ ట్రాక్ మీద రేసులో పడి, తలకి దెబ్బ తగిలి ఆ గాయంతోనే పోయాడు. అలాంటివాడి చేతిలో ఉండి కూడా ఆ గుర్రం ఆ రోజు ఆ స్థితికి వచ్చింది. సాకినవాడికి ప్రేమ ఉంటుంది, నిజమే. సాకినవాడికే గెలవాలన్న ఆశ కూడా అందరికన్నా ఎక్కువ ఉంటుంది.

మామకి ఈ కథ చెప్పాను. చాలాసేపు నేలచూపు చూశాడు. "నేనే తోలినా కొట్టేటోణ్ణేమో ఆ రోజు" అన్నాడు. "కాకపోతే ఎక్కడ కొట్టిన్నో నాకు ఎరికుండేది."

ఇప్పుడు నా మటుకు నేను అనుకునేది ఇది. (ఇష్టం లేనివాళ్ళు కామెంట్లలో ఉతకొచ్చు.) బయటివాడి డబ్బు ఉన్నచోట, అంటే మలక్‌పేటలో, ఇద్దర్నీ విడదీయడం సరైనదే. దానివల్ల గుర్రానికి ఒరిగేదేం లేదని మాత్రం ఒప్పుకుని విడదీయాలి. గుర్రం కోసం కొరడా దెబ్బల లెక్క, పశువుల డాక్టరు, ఇంకా వేరే కాపలా పెట్టాలి. టికెట్టు కొన్నవాడి కోసం కట్టిన గోడే గుర్రాన్ని కూడా కాపాడుతుందనుకోవడం మన భ్రమ. బండలాగుడులో టికెట్టు లేదు, గోడ అక్కర్లేదు. ఉండాల్సింది గాయానికి జవాబు చెప్పే మనిషి ఒక్కడు. సుప్రీంకోర్టు 2014లో ఎడ్ల పోటీల్ని తప్పుపట్టిందీ, 2023లో తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర చేసుకున్న సవరణ చట్టాల్ని నిలబెట్టిందీ మీకు తెలిసిందే. రెండుసార్లూ టీవీల్లో సంప్రదాయమా, హింసా అనే కొట్టుకున్నారు. పగ్గాలు ఎవరి చేతిలో ఉన్నాయని అడిగినవాణ్ణి నేను చూడలేదు. జాతర కమిటీ నేనైతే ఒక్క రూలు పెడతాను: కనీసం ఏడాదిగా ఆ జత ఉన్న కొట్టంలోనే పనిచేస్తున్నవాడే తోలాలి, మైకులో వాడి పేరు కూడా చదవాలి. యజమాని కానక్కర్లేదు, పాలేరైనా సరే. రోజూ మేత వేసే చెయ్యి అయితే చాలు.

ఇది కూడా గెలిచే జతల్ని తగ్గిస్తుంది, దూరాలు తగ్గుతాయి, రికార్డులు పోతాయి. పోనీ.

మామకి ఆపరేషన్ అయింది. ఎడమ మోకాలు ముందు, కుడిది తర్వాత. డాక్టరు చాలా ఓపికగా చెప్పాడు, నడవొచ్చు, మెట్లెక్కొచ్చు, పరిగెత్తడం మాత్రం మర్చిపోండి పెద్దాయనా అని. మామ తలూపాడు. ఇంటికొచ్చాక తెలిసింది, ఊళ్ళో అత్తయ్యకి కూడా చెప్పకుండా పాలపళ్ళ జతకి అడ్వాన్సు ఇచ్చి వచ్చాడట.

మంచం మీద కాలు చాపుకుని కూర్చుంటే ఊసుపోక ఫోన్‌లో హార్నెస్ రేసు వీడియోలు చూపించాను. తెల్లజుట్టు మనిషి ఒకడు సల్కీ మీద కాళ్ళు ముందుకి చాపుకుని, పగ్గాలు పట్టుకుని దర్జాగా పోతున్నాడు. మామ ఆ వీడియో మూడుసార్లు వేయించుకున్నాడు.

"అల్లుడూ, బండ మీద కూసొని తోలితే కమిటోళ్ళు ఒప్పుకుంటరంటవా? నా బరువు కూడా బండల కలిపి తూకమేసుకోమను."